ఢిల్లీ విద్యుత్ బకాయిలు: వాయిదా వేసిన ఛార్జీల భారం ఎవరిది?

దేశ రాజధానిలో విద్యుత్ పంపిణీని 2002 జులైలో ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించారు. ఢిల్లీ విద్యుత్ బోర్డు స్థానంలో ఏర్పడిన మూడు డిస్కంలలో ప్రైవేటు కంపెనీలకు 51 శాతం, ఢిల్లీ ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. అప్పట్లో దాదాపు సగం ఉన్న పంపిణీ, వాణిజ్య నష్టాలు ఇప్పుడు 10 శాతం లోపునకు తగ్గాయి. అయినా భారీ బకాయి మాత్రం మిగిలింది.

ఛార్జీలను నిర్ణయించే అధికారం ఢిల్లీ విద్యుత్ నియంత్రణ కమిషన్‌ది. తాను ఆమోదించిన వ్యయానికి సరిపడా ఛార్జీలు పెంచకుంటే, ఆ లోటును కమిషన్ ‘రెగ్యులేటరీ అసెట్‌’గా నమోదు చేస్తుంది. అసలుతో పాటు వడ్డీ భారాన్ని కూడా తర్వాత వినియోగదారులే మోయాలి. 2024 మార్చి 31 నాటికి మూడు డిస్కంలకు రావాల్సిన ఈ మొత్తం సుమారు రూ.27,200 కోట్లకు చేరింది.

రాజకీయం ఉన్నది ఇక్కడే. విద్యుత్ చట్టం, 2003 ప్రకారం ప్రభుత్వం రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్మును ముందుగా చెల్లించాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో కనిపిస్తుంది. ఛార్జీల పెంపును వాయిదా వేస్తే ఖజానాపై భారం పడదు, ఓటరుకూ వెంటనే తెలియదు. కమిషన్ స్వతంత్రత కీలకమయ్యేది అందుకే. దాని ఛైర్మన్ నియామకంపై ఢిల్లీ ప్రభుత్వం, లెఫ్టినెంట్ గవర్నర్ మధ్య తలెత్తిన వివాదంలో 2023లో సుప్రీంకోర్టే తాత్కాలిక ఛైర్మన్‌ను నియమించాల్సి వచ్చింది.

బకాయిలను నిర్ణీత గడువులోగా తీర్చాలని, దీనిని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ పర్యవేక్షించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఆదేశించింది. వసూలు మొదలైతే, నిన్నమొన్న నగరానికి వచ్చిన కుటుంబం కూడా ఎప్పుడో ఇతరులు వాడిన కరెంటుకు వడ్డీతో సహా చెల్లించాల్సి ఉంటుంది.