మూడు శిఖరాలు, ఒక ఘాట్‌రోడ్డు డ్రైవరు

ఆల్ప్స్ అనగానే మనకి స్విట్జర్లాండే గుర్తొస్తుంది. పచ్చిక మైదానం, ఎర్ర రైలు, మంచులో పల్చటి చీర కట్టుకుని హీరోయిన్ డ్యూయెట్. మన సినిమాలు మనకి చూపించిన ఆల్ప్స్ అదే మరి! నిజానికి ఈ పర్వతాలు ఎనిమిది దేశాల్లో పరుచుకుని ఉన్నాయి. అందులో ఇటలీ ఈశాన్య మూలన ఉన్న డోలమైట్స్ తీరే వేరు. ఇక్కడి కొండలు గుండ్రంగా, మంచు టోపీలు పెట్టుకుని ఉండవు. నేలలోంచి మొలిచిన రాతి కోరల్లా నిటారుగా లేస్తాయి. 2009లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ కోరల్లో అందరూ ఫొటో దిగేవి మూడు. ఇటాలియన్‌లో త్రే చీమే దీ లవరేదో, జర్మన్‌లో ద్రై జిన్నెన్. పేరు ఏ భాషలో పలికినా అర్థం మూడు శిఖరాలనే. వాటి చుట్టూ ఒక్కరోజులో నడిచి వచ్చే పది కిలోమీటర్ల దారి ఉంది. మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నేను, తిరుపతి నుంచి వచ్చిన మా నాన్నని వెంటబెట్టుకుని ఆగస్టు చివర్లో అక్కడికి బయల్దేరా. అక్క కాన్పు కోసం అమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది.

పక్క సీట్లో ఆర్టీసీ

నాన్నకి 63 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో సగం తిరుమల ఘాట్‌రోడ్డు మీదే గడిచింది. రెండేళ్ల కింద గుండెకి స్టెంట్ వేశారు. అప్పటినుంచి ఇంట్లో అందరం ఆయన్ని గాజుబొమ్మలా చూస్తున్నాం. ఆయనకి అది అస్సలు నచ్చదు. ఈ ట్రిప్పుకి ముందు డాక్టర్ని అడిగితే, "నిదానంగా నడవండి, ఆయాసం వస్తే ఆగండి" అని ఒప్పుకున్నారు.

అద్దెకి తీసుకున్నది ఇద్దరికి సరిపోయే క్యాంపర్‌వ్యాన్. వెనక మంచం, పక్కన చిన్న సింకు, రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్, కింద ఫ్రిజ్. మూడున్నర టన్నుల లోపు బండి కాబట్టి మామూలు కారు లైసెన్సు చాలు. మ్యూనిక్ నుంచి ఆస్ట్రియా మీదుగా బ్రెన్నర్ కనుమ దాటితే ఇటలీ. అక్కడినుంచి పుస్టర్ లోయలోకి తిరిగి, టోబ్లాఖ్ దగ్గర క్యాంప్‌సైట్‌లో రాత్రి బస చేశాం.

మరుసటి రోజు తెల్లారకముందే ఉప్మా తిని, పులిహోర డబ్బాలో సర్దుకుని బయల్దేరాం. మిజురినా సరస్సు దాటాక టోల్ రోడ్డు మొదలవుతుంది. 1,754 మీటర్ల ఎత్తు నుంచి మెలికలు తిరుగుతూ 2,320 మీటర్ల దగ్గరున్న ఔరోంజో కొండసత్రం దాకా వెళ్తుంది. స్టీరింగ్ నా చేతిలో ఉన్నా, బండి నడిపింది మాత్రం నాన్నే.

"క్లచ్ మీద కాలు తియ్యమ్మా... ఇప్పుడు సెకండ్ గేరు... ఎదుటోడికి దారివ్వు తల్లీ, ఎక్కేవాడి కష్టం వాడిది."

మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు కిందున్న మ్యాట్‌ని తొక్కుతూనే ఉంది, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు!

సముద్రంలో పుట్టిన కొండ

ఏడున్నరకి నడక మొదలుపెట్టాం. ఔరోంజో సత్రం నుంచి 101 నంబరు దారి. మొదటి అరగంట దాదాపు చదును, ఎడ్లబండి పట్టేంత వెడల్పు. ఎడమ పక్కన రాతి గోడలు ఆకాశంలోకి లేచి ఉంటాయి. మధ్యలోది చీమా గ్రాందే, ఎత్తు 2,999 మీటర్లు. ఒక్క మీటరు తక్కువ మూడు వేలు! అటూ ఇటూ ఉన్నవి 2,973, 2,857 మీటర్లు.

ఈ రాయి పుట్టింది కొండ మీద కాదు, సముద్రంలో. ఇరవై కోట్ల ఏళ్లకి పూర్వం ఇక్కడ టెథిస్ అనే వెచ్చటి సముద్రం ఉండేది. అందులోని పగడపు దిబ్బలు, గవ్వలు, సున్నపు బురద పొరలుపొరలుగా పేరుకుని రాయైపోయాయి. ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన ఒత్తిడికి సముద్రం మూసుకుపోయి, అడుగున ఉన్నదంతా పైకి లేచింది. మన హిమాలయాలు లేచింది కూడా అదే టెథిస్ మూసుకుపోయినప్పుడే. ఈ రాతిలోని ఖనిజాన్ని పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త దొలోమ్యూ పేరే డోలమైట్‌కీ, ఈ పర్వతాలకీ వచ్చింది.

ఇదంతా నేను చెబుతుంటే నాన్న చూపు కొండ మీదే ఉంది. కాసేపటికి అన్నాడు:

"చుట్టూ తిరగడమంటే ప్రదక్షిణే కదమ్మా? మరి కొండ ఎడమ పక్కన ఉందేంటి? దేవుడు కుడివైపు ఉండాలి."

నిజమే. జనమంతా నడిచేది అప్రదక్షిణంగానే!

లవరేదో సత్రం దాటాక అసలు ఎక్కుడు మొదలైంది. గులకరాళ్ల వాలు. పది నిమిషాలకోసారి ఆగాం. నా వాచీలో ఆయన గుండె వేగం చూద్దామని చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. "మోకాలిమెట్టు ఎక్కినోణ్ణి" అన్నాడు. అలిపిరి మెట్లు 3,550. ఏటా ఎక్కేవాడు. స్టెంట్ వేసిన తర్వాత ఎక్కలేదు. ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు.

కనుమ దాటితే యుద్ధభూమి

2,454 మీటర్ల లవరేదో కనుమ ఎక్కితే ఉత్తరపు గోడలు ఒక్కసారిగా కనిపిస్తాయి. కిందనుంచి పైదాకా నిలువు, కొన్నిచోట్ల ముందుకి ఒరిగిన రాయి. 1869లో పౌల్ గ్రోమాన్ ఇద్దరు గైడ్లతో పెద్ద శిఖరాన్ని మొదటిసారి ఎక్కింది దక్షిణం వైపు నుంచి. ఈ ఉత్తరపు గోడ మనిషికి లొంగడానికి 1933 దాకా పట్టింది. ఎమీలియో కోమిచి, దిమాయ్ సోదరులు కలిసి ఎక్కారు.

ఎదురుగా కనిపించే కొండ పతేర్నో. దాని కడుపులో సొరంగాలున్నాయి. 1915 మే నెలలో ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధం ప్రకటించాక సరిహద్దు పోరు సరిగ్గా ఇక్కడే జరిగింది. సెప్ ఇన్నర్‌కోఫ్లర్ అనే గైడు ఈ కొండల్లో సత్రం నడిపేవాడు. ఆ సత్రం ఫిరంగి దాడిలో కూలిపోయింది. ఆ జులైలో తను ఎన్నోసార్లు ఎక్కిన పతేర్నో మీదే ఆయన పోరాడుతూ చనిపోయాడు. యుద్ధం తర్వాత ఈ లోయలు ఇటలీకి దక్కాయి. ఇప్పటికీ టోబ్లాఖ్ ఊరి బోర్డు మీద జర్మన్ పేరు, ఇటాలియన్ పేరు పక్కపక్కన ఉంటాయి. యుద్ధం తర్వాత మళ్లీ కట్టిన ఆ సత్రమే ఇప్పటి లొకతెల్లి, ఎత్తు 2,405 మీటర్లు. పదిన్నరకి అక్కడ కూర్చుని, మూడు శిఖరాల ఎదురుగా పులిహోర తిన్నాం.

వెళ్దామా, తిరుగుదామా?

పదకొండుంపావుకి పడమటి వైపు తెల్లమబ్బులు గోపురాల్లా లేవడం మొదలైంది. వాతావరణ యాప్‌లో మధ్యాహ్నం రెండు తర్వాత ఉరుములు అని ఉంది. వేసవిలో ఆల్ప్స్‌లో ఇది మామూలే. ఎండకి వేడెక్కిన గాలి వాలుల వెంట పైకెగసి, మధ్యాహ్నానికి మేఘమై విరుచుకుపడుతుంది. యాప్ చెప్పే టైముకి మేఘం కట్టుబడి ఉండదు.

ముందుకెళ్తే 105 నంబరు దారి. లోయలోకి దిగి, మళ్లీ ఎక్కాలి. మా నడకకి మూడు గంటలు పైనే. వెనక్కెళ్తే కనుమ దాకా కొంచెం ఎక్కుడు, ఆ తర్వాత అంతా దిగుడు, దారిలో గట్టి సత్రం.

"వెనక్కెళ్దాం నాన్నా" అన్నా.

ఆయన మొహం మారిపోయింది. "నా గుండె గురించేనా? సగంలో ఆపేసిన ప్రదక్షిణ ఏం ప్రదక్షిణమ్మా? నేను నడవగలను."

నడవగలడు. అక్కడిదాకా నడిచే వచ్చాడు. ఆయన అడుగుతున్నది కొండ చుట్టూ తిరగడం గురించి కాదని నాకు తెలుసు. ఇంట్లో మేమంతా కలిసి రెండేళ్లుగా తీసేసుకున్నదేదో తిరిగి ఇమ్మంటున్నాడు.

"నీ గుండె గురించి కాదు, ఆ మబ్బు గురించి. ఘాట్‌లో పొగమంచు దిగితే ప్యాసింజర్లు ఎంత అరిచినా బస్సు పక్కకి ఆపేసేవాడివి కదా? ఇవాళ నువ్వు ప్యాసింజరువి."

ఆయన మబ్బు వంక చాలాసేపు చూశాడు. చేతికర్ర తీసుకుని లేచాడు. "పద డ్రైవరమ్మా" అన్నాడు.

కనుమ దాటి లవరేదో సత్రం చేరేసరికి ఒంటిగంట దాటింది. తలుపు తోసేసరికి మొదటి చినుకులు. పది నిమిషాల్లో వడగళ్లు. గోలీల్లాంటి గడ్డలు బయట బెంచీల మీద ఎగిరెగిరి పడ్డాయి. ఉరుము రాతిగోడకి కొట్టుకుని మళ్లీ మళ్లీ వినబడింది. నాన్న వేడి సూప్ తాగుతూ కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "వచ్చేటప్పుడు కొండ కుడివైపే ఉందమ్మా. గమనించావా?"

మీరూ వెళ్లాలంటే

* టోల్ రోడ్డు వేసవి నుంచి అక్టోబర్ దాకానే తెరిచి ఉంటుంది. బండికి ముందే ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకోండి. నియమాలు ఏటా మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి.
* ఇండియా లైసెన్సుతో నడిపేవాళ్లు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడినుంచే తీసుకెళ్లాలి.
* ఎక్కడ పడితే అక్కడ వ్యాన్ ఆపి పడుకోవడం కుదరదు. రాత్రికి క్యాంప్‌సైట్ చూసుకోండి. సింకు నీళ్లు, టాయిలెట్ ట్యాంకు అక్కడ కేటాయించిన చోటే ఖాళీ చేయాలి.
* ఎండగా ఉన్నా రెయిన్ జాకెట్, పట్టున్న బూట్లు తప్పనిసరి. ఉరుములు మొదలైతే శిఖరాలు, కనుమలు, ఒంటరి చెట్లు, ఇనుప తీగలకి దూరంగా ఉండాలి.
* యూరప్ మొత్తానికీ ఎమర్జెన్సీ నంబరు 112. సిగ్నల్ లేకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల గానీ టార్చి గానీ వాడి, ఒక నిమిషం ఆగి, మళ్లీ మొదలుపెట్టాలి. ఇది ఆల్ప్స్ అంతటా తెలిసిన ఆపద సంకేతం.
* దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకండి. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. ఇది నాన్న మాట.
* ప్రదక్షిణంగానే తిరగాలనుకుంటే ఔరోంజో నుంచి ముందు 105 నంబరు దారి పట్టండి. కొండ కుడివైపే ఉంటుంది, కష్టమైన భాగం పొద్దున్నే అయిపోతుంది. వచ్చే ఏడాది మా ప్లాన్ కూడా అదే. అంతకంటే ముందు, సంక్రాంతికి నేను ఇంటికెళ్లినప్పుడు, అలిపిరి మెట్లు.