ఆనంద కుమారస్వామిగారి పేరు ప్రక్కన మఱియొక పేరు

పండితునకు శాలువ కప్పి సత్కరించుట మన దేశపు టాచారము. తోడి పండితులు తమ పరిశోధనలను వ్యాసములుగా వ్రాసి యొక సంపుటముగ సమర్పించుట మఱియొక యాచారము. ఆనంద కుమారస్వామిగారి డెబ్బదియవ జన్మదినమునకై 1947లో కె. భరత అయ్యరుగారి సంపాదకత్వమున లండనునందు వెలువడిన 'ఆర్ట్ అండ్ థాట్' అట్టి సంపుటము. అందు మేయర్ షపీరోగారు ఐరోపా మధ్యయుగపు రోమనెస్కు కళను గూర్చి వ్రాసిరి; కైరో నగరవాసి రెనే గెనోనుగారు అరబ్బీ 'నూన్' అక్షరపు రహస్యమును వివరించిరి.

ఇన్ని దేశముల విద్య లొక్కచో గూడుట కుమారస్వామిగారి జీవితమునకు దగియే యున్నది. తమిళుడగు తండ్రికిని, ఆంగ్లేయురాలగు తల్లికిని 1877లో కొలంబోలో జన్మించి, లండనులో భూగర్భశాస్త్రము నభ్యసించి, సింహళమున ఖనిజ పరిశోధనశాఖకు వారు అధిపతులైరి. ఱాళ్లను పరీక్షించుచు పల్లెలు తిరుగునపుడే పనివాండ్ర కౌశలము క్షీణించుట కనిపెట్టిరి. 1908లో ప్రకటించిన సింహళ మధ్యయుగ కళాగ్రంథము దాని ఫలము. 1917 మొదలు తుదివఱకు బోస్టను కళాప్రదర్శనశాలయే వారి కార్యస్థానము.

ఆ 1917లోనే హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము 'ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్' అను గ్రంథమును ప్రకటించెను. అది నందికేశ్వరుని 'అభినయదర్పణము'నకు ఆంగ్లానువాదము. భారతీయ నటశిక్షణ మెట్టిదని ఆంగ్ల నాటకరంగ సంస్కర్త గోర్డన్ క్రెయిగుగారు పలుమాఱు అడుగగా, పతాక త్రిపతాకాది హస్తముల శాస్త్రమును పాశ్చాత్యుల ముందుంచిన పుస్తక మిది. దాని ముఖపత్రమున ననువాదకుల పేర్లు రెండు గలవు. రెండవది దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారిది.

ఎడింబరోలో చదివిన యా తెలుగు యువకునకు అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు. కుమారస్వామిగారు లోకప్రసిద్ధులు. సహాయకుని పేరును పీఠికలో నొక కృతజ్ఞతావాక్యముతో సరిపుచ్చుట వారికి కష్టము గాదు. వారట్లు చేయలేదు. విశ్వమానవుడని పేరొందినవాని పెద్దఱికము ఇట్టి చిన్న పనులయందే తెలియును.

మనమో, గోపాలకృష్ణయ్యగారిని 1921 నాటి చీరాల-పేరాల నాయకునిగ, రామదండు స్థాపకునిగ, ఆంధ్రరత్నముగ స్మరింతుము. పన్నునకు లొంగక వేలాది జనులను ఊరు విడిపించిన యా ధీరుడే అంతకు నాలుగేండ్లు ముందు హస్తాభినయ లక్షణముల ననువదించెనని చెప్పువారు అరుదు. 1928లో ముప్పదితొమ్మిదవ యేటనే యాయన గతించుటచే ఆ విద్వత్తు మఱుగుపడెను.

కుమారస్వామిగారు సైతము 1947 సెప్టెంబరు 9న, జన్మదినోత్సవము జరిగిన పదునెనిమిది దినములకే, దివంగతులైరి. వారిని గౌరవించు వ్యాసములు అనేక భాషలలో వచ్చినవి, ఇంకను రాగలవు. తెలుగున వ్రాయువారు ఆ ముఖపత్రమును జూచి వ్రాయుదురుగాక. వారు ప్రక్కప్రక్కన నుంచిన రెండు పేర్లను మనము విడదీయుట తగదు.