హెడ్‌ఫోన్, యాంప్లిఫయర్, కేబుల్: జతకూర్పులో విద్యుత్ లెక్కలు, వినికిడి సాక్ష్యం

ప్రస్తావన

ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నవారు అంతటితో ఆగడం అరుదు. దానికి తగిన యాంప్లిఫయర్ ఏది, పెట్టెలో వచ్చిన కేబుల్‌ను తొలగించి ప్రత్యేకంగా అల్లించిన వెండి కేబుల్ అమర్చితే నాదం మెరుగుపడుతుందా అనే ప్రశ్నలు వెంటనే తలెత్తుతాయి. విపణి ఈ మూడింటినీ సమాన ప్రాధాన్యం గలవాటిగా చూపుతుంది. కేబుల్ ధర హెడ్‌ఫోన్ ధరను మించిన సందర్భాలూ ఉన్నాయి.

ఇది సంగీతప్రియులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. మౌఖిక సాహిత్య ధ్వనిముద్రణలను విని లిఖితరూపం ఇచ్చే పరిశోధకులకు, ల–ళ, న–ణ భేదాలను, అల్పప్రాణ మహాప్రాణాలను శ్రోతలు ఎలా గుర్తిస్తున్నారో పరీక్షించే ధ్వనిశాస్త్ర విద్యార్థులకు హెడ్‌ఫోన్ ఒక కొలత పరికరం. భాషా ప్రయోగశాలకు పరికరాలు ఎంపిక చేసే అధ్యాపకులకు పరిమితమైన నిధిని దేనిపై వెచ్చించాలన్నది నిత్యసమస్య. జతకూర్పు అభిరుచికి సంబంధించిన విషయం కావడానికి ముందు అంకగణితానికి సంబంధించిన విషయమని, ఆ లెక్కలో కేబుల్‌కు ఒకటి రెండు సందర్భాల్లో తప్ప చెప్పుకోదగిన స్థానం లేదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అవరోధం, సున్నితత్వం

ప్రతి హెడ్‌ఫోన్‌కు తయారీదారు రెండు సంఖ్యలను ప్రకటిస్తాడు. మొదటిది ఓమ్‌లలో చెప్పే అవరోధం. రెండవది నిర్ణీత విద్యుత్తుకు ఎంత ధ్వని వెలువడుతుందో తెలిపే సున్నితత్వం. ఈ రెండవ సంఖ్యను కొందరు ఒక మిల్లీవాట్‌కు, మరికొందరు ఒక వోల్టుకు లెక్కించి ఇస్తారు. ఈ తేడాను గమనించకుండా రెండు హెడ్‌ఫోన్లను పోల్చడం చాలా సాధారణంగా జరిగే పొరపాటు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ విషయంలో ఈ రెండు పద్ధతుల మధ్య 5 డెసిబెళ్ల తేడా వస్తుంది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు అది సుమారు 15 డెసిబెళ్లు.

అవరోధం ఎక్కువగా ఉంటే హెడ్‌ఫోన్‌ను నడపడం కష్టమనే అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. మూడు ఉదాహరణలు దీనిని సరిచేస్తాయి. సంగీతంలో క్షణకాలం వచ్చే శిఖరాలకు 110 డెసిబెళ్లు చాలునని అనుకుందాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 అవరోధం 300 ఓమ్‌లు. ఒక వోల్టుకు 103 డెసిబెళ్లు ఇస్తుంది. దానికి కావలసినది 2.24 వోల్టులు, అంటే సుమారు 17 మిల్లీవాట్లు. హైఫైమాన్ హెచ్‌ఈ-6 అవరోధం 50 ఓమ్‌లే. కానీ దాని సున్నితత్వం ఒక మిల్లీవాట్‌కు 83.5 డెసిబెళ్లు మాత్రమే. కనుక అదే స్థాయికి 4.7 వోల్టులు, సుమారు 95 మిల్లీఆంపియర్లు, దాదాపు 450 మిల్లీవాట్లు అవసరమవుతాయి. అవరోధం ఆరవ వంతే అయినా శక్తి అవసరం ఇరవై ఆరు రెట్లకు మించింది. చెవిలో అమర్చుకునే షూర్ ఎస్‌ఈ846 అవరోధం 9 ఓమ్‌లు, సున్నితత్వం మిల్లీవాట్‌కు 114 డెసిబెళ్లు. దానికి 0.4 మిల్లీవాట్, అంటే ఒక వోల్టులో పదహారవ వంతు కూడా అక్కరలేదు.

అవరోధం చెప్పేది కష్టసుఖాలను కాదు. శక్తిని ఏ రూపంలో అందించాలో చెబుతుంది. ఒకే నమూనాను 32, 250, 600 ఓమ్‌లలో తయారుచేసిన బేయర్‌డైనమిక్ డీటీ 880 ఇందుకు చక్కని నిదర్శనం. మూడింటికీ ప్రకటించిన సున్నితత్వం మిల్లీవాట్‌కు 96 డెసిబెళ్లే. 110 డెసిబెళ్లకు అన్నింటికీ కావలసిన శక్తి 25 మిల్లీవాట్లే. అయితే 32 ఓమ్‌ల రూపం దానిని 0.9 వోల్టు, 28 మిల్లీఆంపియర్లుగా తీసుకుంటుంది. 600 ఓమ్‌ల రూపానికి 3.9 వోల్టులు, 6.5 మిల్లీఆంపియర్లు కావాలి. ఒక వోల్టుకు మించి ఇవ్వలేని చరవాణి మొదటిదానిని నడపగలదు, రెండవదానిని నడపలేదు. ప్రవాహం సరిపడా ఇవ్వలేని కొన్ని వాల్వు యాంప్లిఫయర్ల విషయంలో పరిస్థితి సరిగ్గా తలక్రిందులవుతుంది.

సున్నితత్వం అధికంగా ఉండటం కూడా కొన్నిచోట్ల దోషమే. యాంప్లిఫయర్ తనలో పుట్టించే రొద 10 మైక్రోవోల్టులనుకుంటే, హెచ్‌డీ 650లో అది 3 డెసిబెళ్లకు సమానం. నిశ్శబ్దమైన గదిలోనూ వినబడదు. అదే రొద ఎస్‌ఈ846లో 34 డెసిబెళ్లకు చేరి, పాటకూ పాటకూ మధ్య సన్నని బుసగా వినవస్తుంది. శక్తిమంతమైన యాంప్లిఫయర్ అన్నింటికీ ఉత్తమమనే భావనకు ఇదే సమాధానం.

యాంప్లిఫయర్ అంతర్గత నిరోధం

జతకూర్పులో నిజంగా స్వరస్వభావాన్ని మార్చగల అంశం ఇది. యాంప్లిఫయర్ వెలుపలికి ఇచ్చే వోల్టేజి దాని అంతర్గత నిరోధానికీ హెడ్‌ఫోన్ అవరోధానికీ మధ్య పంచుకోబడుతుంది. హెడ్‌ఫోన్ అవరోధం అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకేలా ఉంటే ఈ పంపకం వలన శబ్దస్థాయి మాత్రమే తగ్గుతుంది. తలీయ అయస్కాంత హెడ్‌ఫోన్లలో, అంటే పొర అంతటా వాహకం పరచి ఉండే హెచ్‌ఈ-6 వంటి వాటిలో, ఇదే జరుగుతుంది. తీగచుట్టతో పనిచేసే డైనమిక్ హెడ్‌ఫోన్లలో అలా కాదు. పొర తన సహజ పౌనఃపున్యం వద్ద విస్తృతంగా కంపించినప్పుడు తీగచుట్టలో ఎదురు వోల్టేజి పుడుతుంది. ఆ ప్రాంతంలో అవరోధం పెరిగినట్లు కనిపిస్తుంది. హెచ్‌డీ 600, 650లలో 100 హెర్ట్‌జ్ పరిసరాల్లో అది 500 ఓమ్‌ల సమీపానికి చేరుతుంది.

అటువంటి హెడ్‌ఫోన్‌ను 120 ఓమ్‌ల అంతర్గత నిరోధం గల యాంప్లిఫయర్‌కు కలిపితే, మధ్యస్థాయిలో 2.9 డెసిబెళ్లు, మంద్రస్థాయిలో 1.9 డెసిబెళ్లు నష్టమవుతాయి. అంటే మంద్రం ఒక డెసిబెల్ మేర ముందుకు వస్తుంది. వాల్వు యాంప్లిఫయర్లలో వినవస్తుందని చెప్పే వెచ్చదనంలో కొంత భాగం ఈ చిన్న లెక్కే. శ్రోతకు అది నచ్చవచ్చు, తప్పేమీ లేదు. అయితే దానిని వాల్వు మహిమగా కాక స్వరసమీకరణంగా గుర్తించడం పరిశోధకునికి అవసరం. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉచితంగా చేయగల మార్పు అది.

120 ఓమ్‌ల సంఖ్య యాదృచ్ఛికం కాదు. 1996లో వెలువడిన ఐఈసీ 61938 ప్రమాణం యాంప్లిఫయర్లకు ఆ విలువనే సూచించింది. ఈనాటి శ్రోతలు దానిని అపహాస్యం చేయడం కద్దు గాని, ఆ సూచనలో ఒక వివేకం ఉంది. 32 ఓమ్‌ల నుండి 600 ఓమ్‌ల వరకు ఏ హెడ్‌ఫోన్ తగిలించినా దానికి అందే శక్తిలోని తేడా 3 డెసిబెళ్లకు లోబడే ఉంటుంది. బహుళ డ్రైవర్లు గల చెవిలోపలి ఇయర్‌ఫోన్లు సామాన్య శ్రోతకు చేరువైన తరువాతే ఆ ఏర్పాటు పనికిరాకుండా పోయింది.

ఈ ఇయర్‌ఫోన్లలో విడివిడి డ్రైవర్లకు పౌనఃపున్యాలను పంచే వలయం ఉంటుంది. అందువలన అవరోధం ఒకచోట 5 ఓమ్‌లు, మరొకచోట 15 ఓమ్‌లు కావడం అసాధారణం కాదు. అటువంటి దానిని 10 ఓమ్‌ల అంతర్గత నిరోధానికి కలిపితే ఈ రెండు ప్రాంతాల మధ్య 5 డెసిబెళ్ల వికృతి ఏర్పడుతుంది. అంతర్గత నిరోధం 1 ఓమ్ అయితే వికృతి ఒక డెసిబెల్, 0.1 ఓమ్ అయితే అందులో తొమ్మిదవ వంతు. అంతర్గత నిరోధం హెడ్‌ఫోన్ అవరోధంలో ఎనిమిదవ వంతుకు మించరాదన్న ప్రసిద్ధ నియమం ఇక్కడినుండి వచ్చింది. కానీ పై ఉదాహరణ చూపినట్లు, బహుళ డ్రైవర్ల ఇయర్‌ఫోన్లకు ఆ నియమం కూడా చాలినంత కఠినం కాదు. వాటికి అర ఓమ్ కంటే తక్కువ నిరోధం గల యాంప్లిఫయర్ శ్రేయస్కరం.

కేబుల్

కేబుల్ కూడా ఈ పంపకంలో ఒక నిరోధమే. అంతకు మించిన రహస్యశక్తి దానికి లేదు. 26 గేజి రాగితీగ మీటరుకు 0.134 ఓమ్‌ల నిరోధం కలిగి ఉంటుంది. 3 మీటర్ల కేబుల్‌లో రానుపోను పొడవు 6 మీటర్లు, మొత్తం 0.8 ఓమ్. వెండి విశిష్ట నిరోధం రాగికంటే సుమారు 5 శాతం తక్కువ. కనుక అదే మందం గల వెండి కేబుల్ నిరోధం 0.76 ఓమ్ అవుతుంది. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఈ మార్పు వలన కలిగే తేడా ఒక డెసిబెల్‌లో దాదాపు వెయ్యవ వంతు. మానవశ్రవణం గుర్తించగల అత్యల్ప తేడాకు అది వందల రెట్లు దిగువన ఉంది.

కేబుల్ కెపాసిటెన్స్ తారస్థాయిని మందగింపజేస్తుందనే వాదన కూడా లెక్కకు నిలవదు. 3 మీటర్ల కేబుల్‌కు 300 పికోఫారడ్లు, యాంప్లిఫయర్‌కు 120 ఓమ్‌లు తీసుకున్నా, ధ్వని తగ్గడం మొదలయ్యేది 40 లక్షల హెర్ట్‌జ్‌లకు పైన. చెవి పరిధి 20 వేల హెర్ట్‌జ్‌లతోనే ముగుస్తుంది.

కేబుల్ నిజంగా వినబడే సందర్భం ఒకటుంది. పైన చెప్పిన 5–15 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 1.2 మీటర్ల సన్నని 30 గేజి కేబుల్ అమర్చితే రానుపోను నిరోధం 0.8 ఓమ్ అవుతుంది. దాని వలన 0.85 డెసిబెల్ వికృతి వస్తుంది. 26 గేజికి మారితే అది 0.36కు తగ్గుతుంది. ఈ అర డెసిబెల్ తేడాను శ్రద్ధగల శ్రోత గుర్తించగలడు. అయితే దానిని తెచ్చినది తీగ మందమే. లోహం జాతికి గాని, అల్లికకు గాని అందులో భాగం లేదు. కొద్దిపాటి మందపు రాగితీగ వెండి చేయగలిగినదంతా చేస్తుంది.

బ్యాలెన్స్‌డ్ కేబుళ్ల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. మూడు తీగల సాధారణ కేబుల్‌లో ఎడమ కుడి చెవులకు తిరుగుదారి ఉమ్మడిది. ఆ ఉమ్మడి భాగంలో 0.1 ఓమ్ ఉంటే, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో ఒక చెవి ధ్వని రెండవ చెవిలోకి 50 డెసిబెళ్ల దిగువన చొరబడుతుంది. నాలుగు తీగలు దీనిని నివారిస్తాయి. కానీ శ్రోతలు బ్యాలెన్స్‌డ్ మార్గంలో విన్న మెరుగుదలకు ముఖ్యకారణం వేరు. ఆ మార్గం వోల్టేజిని రెట్టింపు చేస్తుంది. వాల్యూమ్ బిరడాను తాకకపోయినా ధ్వని 6 డెసిబెళ్లు హెచ్చుతుంది. హెచ్చిన ధ్వని చెవికి మేలైనదిగా తోస్తుంది.

చెవి సాక్ష్యం

కేబుల్ మార్చిన వెంటనే తేడా విన్నామని చెప్పేవారు అబద్ధమాడుతున్నారని అనడం అన్యాయం. వారు తేడా విని ఉండవచ్చు. కేబుల్ మార్చాలంటే హెడ్‌ఫోన్ తీయాలి, తిరిగి పెట్టుకోవాలి. ఆ క్రమంలో గిన్నె చెవిపై కొద్దిగా జరిగినా, మెత్త అంచు వద్ద గాలి కాస్త లీకైనా, మంద్రంలోనూ తారంలోనూ అనేక డెసిబెళ్ల మార్పు వస్తుంది. కళ్లద్దాల కాడ చాలు ఆ లీకుకు. విన్నది నిజం; దానికి చెప్పుకున్న కారణం మాత్రం నిజం కాదు.

ఈ చిక్కును విడదీసే పద్ధతి చాలాకాలంగా ఉంది. 1950లో మన్సన్, గార్డ్‌నర్ ప్రతిపాదించిన ఏబీఎక్స్ పరీక్షను 1982లో డేవిడ్ క్లార్క్ ఇరుపక్షాలకూ తెలియకుండా నడిచే పరికరంగా రూపొందించాడు. ధ్వనిస్థాయిలను 0.1 డెసిబెల్ లోపు సమం చేసి, ఏది వినిపిస్తున్నదో చెప్పకుండా 16 మార్లు అడగాలి. కేవలం ఊహతో 12 లేదా అంతకు మించి సరైన జవాబులు వచ్చే అవకాశం 4 శాతం కంటే తక్కువ. కేబుల్ పరీక్షలో హెడ్‌ఫోన్‌ను తలపైనుండి తీయకుండా స్విచ్ ద్వారా మార్చడం తప్పనిసరి.

ధర విషయంలోనూ ఒక స్పష్టమైన ఫలితం ఉంది. యెరూన్ బ్రీబార్ట్ 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో 283 హెడ్‌ఫోన్ల పౌనఃపున్య స్పందనలను పరిశీలించి, వాటికీ చిల్లర ధరకూ సహసంబంధం లేదని తేల్చాడు. హెడ్‌ఫోన్ల మధ్య స్పందనలో పది డెసిబెళ్లకు మించిన తేడాలు సర్వసాధారణం. వెయ్యవ వంతు డెసిబెల్ కోసం వెచ్చించే సొమ్ముతో ఆ పది డెసిబెళ్ల సంగతి చూసుకోవచ్చు.

భాషా ప్రయోగశాలలో

తరగతిలో ఒకే అవుట్‌పుట్‌ను పెట్టె ద్వారా నలుగురు విద్యార్థులకు పంచే ఏర్పాటు తరచు కనిపిస్తుంది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు నాలుగు సమాంతరంగా కలిస్తే 8 ఓమ్‌లవుతాయి. అవుట్‌పుట్ నిరోధం 10 ఓమ్‌లైతే, నలుగురున్నప్పటికీ ఒక్కరున్నప్పటికీ మధ్య స్థాయి 4.7 డెసిబెళ్లు మారుతుంది. పక్కవాడు ప్లగ్ తీసిన ప్రతిసారీ మిగిలినవారికి ధ్వని హెచ్చుతుంది. మహాప్రాణోచ్చారణలోని ఊపిరిని గుర్తించమని అడిగే శ్రవణపరీక్షలో ఇది ఫలితాలనే తారుమారు చేయగల దోషం. అవుట్‌పుట్ నిరోధం అర ఓమ్ గల యాంప్లిఫయర్‌తో ఆ మార్పు 0.4 డెసిబెల్‌కు దిగుతుంది. ఇక్కడ ఖర్చు చేయవలసినది యాంప్లిఫయర్‌పైనే. కేబుల్ విషయంలో చూడవలసినది ప్లగ్ గట్టిగా కూర్చుంటుందా, వంగినచోట తీగ తెగుతుందా అన్నవే.

అదే యాంప్లిఫయర్‌ను వేర్వేరు హెడ్‌ఫోన్లతో వాడేటప్పుడు గెయిన్ స్విచ్‌ను తక్కువ స్థానంలో ఉంచడం మొదటి నియమం కావాలి. హెచ్‌ఈ-6కు సరిపోయే 4.7 వోల్టులు పొరపాటున ఎస్‌ఈ846 వంటి ఇయర్‌ఫోన్‌కు అందితే, లెక్క ప్రకారం స్థాయి 140 డెసిబెళ్లను దాటుతుంది. వాస్తవంలో అంతకు ముందే డ్రైవర్ చెడిపోతుంది. అప్పటికే చెవికి జరిగిన హాని తిరిగి సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ వ్యవధి సగమవుతుంది. 110 డెసిబెళ్ల వద్ద వారమంతటికీ మిగిలేది రెండున్నర నిమిషాలకు లోపే.