శిక్షగా పుట్టి పరీక్షగా ఎదిగిన ట్రెడ్‌మిల్

1818లో ఇంగ్లండ్‌లోని బరీ సెయింట్ ఎడ్మండ్స్ జైల్లో ఖైదీలు పనీపాటా లేకుండా కూర్చుని ఉండటం విలియం క్యూబిట్ అనే ఇంజనీరు కంటపడిందని చెబుతారు. పిండిమరల యంత్రాలు చేసి పైకొచ్చినవాడు కావడంతో ఆయనకు తోచిన ఉపాయం కూడా మరకు సంబంధించినదే. పొడవైన పెద్ద చక్రం ఒకటి చేసి, దాని ఒంటి చుట్టూ మెట్లు బిగించాడు. ఖైదీలు వరసగా నిలబడి, పైన ఉన్న కడ్డీ పట్టుకుని మెట్టు మీద కాలేస్తే, వాళ్ళ బరువుకి ఆ మెట్టు కిందికి దిగేది. వెంటనే పై మెట్టు ఎక్కాలి, లేకపోతే జారిపోతారు. గంటలకొద్దీ ఎక్కినా ఉన్నచోటే ఉండేవాళ్ళు.

ఇలాంటి పని మనకు కొత్తేమీ కాదు. ఏతాం తొక్కే మనిషి దూలం మీద అటూ ఇటూ నడుస్తూ తన ఒంటి బరువుతోనే బావిలోంచి నీళ్ళు పైకి తెచ్చేవాడు. క్యూబిట్ చక్రం సూత్రం కూడా అదే. అయితే ఏతాం తొక్కితే మడి తడిసేది. క్యూబిట్ చక్రాలు కొన్నిచోట్ల పిండి విసిరాయి, నీళ్ళు తోడాయి కానీ, చాలా జైళ్ళలో వాటికి ఏ పనీ తగిలించలేదు. తిప్పడం కష్టంగా ఉండాలని గాలిని కోసే రెక్కలు మాత్రం బిగించారు. అంటే ఖైదీలు రోజుకు ఆరేసి గంటలు, వేల అడుగుల ఎత్తు ఎక్కినంత శ్రమపడి విసిరింది గాలినే.

1821లో లండన్ బ్రిక్స్‌టన్ జైలుకు, మరుసటి ఏడు న్యూయార్క్‌కు ఈ చక్రం చేరింది. న్యూయార్క్ జైలును దగ్గరగా చూసిన జేమ్స్ హార్డీ 1824లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. ఖైదీలను భయపెట్టేది పని బరువు కాదనీ, ఎప్పటికీ మారని దాని తీరేననీ ఆయన తేల్చాడు. 1895లో కఠిన శిక్ష పడిన రచయిత ఆస్కార్ వైల్డ్ కూడా పెంటన్‌విల్ జైల్లో ఈ చక్రం ఎక్కినవాడే. చివరికి 1898 జైళ్ళ చట్టం బ్రిటన్‌లో దీనికి స్వస్తి పలికింది.

జైలు నుంచి ప్రయోగశాలకు

జైల్లో ఈ యంత్రం రోజులు ఇంకా ముగియకముందే మరోచోట దాని రెండో జన్మ మొదలైంది. బెర్లిన్‌లో నాథన్ జుంట్జ్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1889లో గుర్రాలను నడిపించేందుకు ఒక ట్రెడ్‌మిల్ కట్టించాడు. కష్టపడి పనిచేసే జంతువు ఎంత ఆక్సిజన్ పీల్చుకుంటుందో, ఎంత బొగ్గుపులుసు వాయువు వదులుతుందో కొలవాలని ఆయన కోరిక. రోడ్డు మీద పరుగెత్తే గుర్రం మూతికి గొట్టాలు తగిలించడం కుదరదు. గుర్రం నిలిచినచోటే పరుగెత్తితే పరికరాలన్నీ పక్కనే పెట్టుకోవచ్చు. ఖైదీని హింసించిన లక్షణమే శాస్త్రజ్ఞుడికి వరమైంది.

మనుషుల విషయంలో ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. మనిషి ఎంత వేగంగా పరుగెత్తినా, అతను పీల్చుకునే ఆక్సిజన్‌కు హద్దంటూ ఉందా? బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఏ.వీ. హిల్, తన సహచరుడు లప్టన్‌తో కలిసి 1923లో ఉందని చూపించాడు. వేగం పెరిగేకొద్దీ ఆక్సిజన్ వాడకమూ పెరుగుతూ వచ్చి ఒక దశలో ఆగిపోతుంది. గుండె, ఊపిరితిత్తులు, నెత్తురు, కండరాలు కలిసి ఆక్సిజన్‌ను ఎంతవరకు అందిపుచ్చుకోగలవో చెప్పే ఆ హద్దునే ఇప్పుడు ‘వీఓ2 మాక్స్’ అంటున్నాం. వాడుక మాటలో చెప్పాలంటే అది మన దమ్ము. 1927లో మొదలైన హార్వర్డ్ ఫెటీగ్ ల్యాబొరేటరీ పేరున్న మారథాన్ పరుగువీరులను కూడా ట్రెడ్‌మిల్ ఎక్కించి ఈ దమ్మును కొలిచింది.

గుండె డాక్టర్ చేతికి

గుండెజబ్బును పసిగట్టడానికి ఆ రోజుల్లో డాక్టర్లు రోగి చేత రెండు మెట్లున్న చిన్న చెక్క బల్లను ఎక్కించి దించేవారు. ఈసీజీ మాత్రం అంతా అయ్యాక, రోగి పడుకున్నాక తీసేవారు. శ్రమ పడుతున్న గుండె ఆ క్షణాన ఎలా ఉందో తెలిసేది కాదు. అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ గుండె డాక్టర్ రాబర్ట్ బ్రూస్‌కు ఇది సరిపోలేదు. 1950ల మొదట్లో అదే యూనివర్సిటీలోని పరికరాల నిపుణుడు వేన్ క్వింటన్ ఆస్పత్రి గదిలో పట్టేలా ఒక ట్రెడ్‌మిల్ తయారుచేసి ఇచ్చాడు.

బ్రూస్ అసలు ప్రతిభ పరీక్షను ఒక క్రమంలో పెట్టడంలో ఉంది. 1963లో ఆయన ఖరారు చేసిన పద్ధతిలో మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలు. తర్వాతి మూడు నిమిషాలు 4 కిలోమీటర్లు, 12 శాతం. మూడో అంచె 5.5 కిలోమీటర్లు, 14 శాతం. నాలుగోది 6.8 కిలోమీటర్లు, 16 శాతం. ఛాతీ మీద అతికించిన తీగలు గుండె లయను ఎప్పటికప్పుడు గీస్తుంటాయి. గుండె రక్తనాళాలు సన్నబడి ఉంటే శ్రమ పెరిగినప్పుడు ఈసీజీలో ‘ఎస్‌టీ’ అనే భాగం కిందికి కుంగుతుంది. మన ఊళ్ళ ఆస్పత్రుల్లో డాక్టర్ ‘టీఎంటీ చేయించుకోండి’ అని చీటీ రాస్తే ఎక్కువచోట్ల జరిగేది ఈ బ్రూస్ పరీక్షే.

ఈసీజీ ఎంత ముఖ్యమో మనిషి ఎన్ని నిమిషాలు నిలబడ్డాడన్నదీ అంతే ముఖ్యం. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం వాడే శక్తిని ఒక ‘మెట్’ అనుకుంటే, బ్రూస్ మొదటి అంచెకు దాదాపు అయిదు మెట్‌లు, మూడో అంచె పూర్తి చేయడానికి దాదాపు పది మెట్‌లు కావాలి. ట్రెడ్‌మిల్ పరీక్షకు వచ్చిన 6,213 మంది పురుషుల మీద జొనాథన్ మయర్స్ బృందం చేసిన అధ్యయనం 2002లో అచ్చయింది. సామర్థ్యం ఒక్క మెట్ ఎక్కువ ఉంటే బతికే అవకాశం 12 శాతం మెరుగని అందులో తేలింది.

ఇంటికి వచ్చిన తీరు

కొలిచే యంత్రం వ్యాయామ యంత్రం కావడానికి ముందు, కదలికకూ గుండెకూ సంబంధం ఉందని ఎవరో ఒకరు నిరూపించాలి. ఆ పని చేసింది లండన్ డబుల్ డెక్కర్ బస్సులు. 1953లో జెర్రీ మోరిస్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే, అదే బస్సులో రోజుకు వందలాది మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. డ్రైవర్లు లావుగా ఉండటమే కారణమేమోనని మోరిస్ వాళ్ళ యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు కూడా తీయించాడు. డ్రైవర్ల నడుం పెద్దదే. కానీ ఒకే నడుం కొలత ఉన్నవాళ్ళను పోల్చినా కండక్టర్లదే పైచేయి. పొట్ట ఉన్న కండక్టర్‌కు కూడా మెట్లు మేలు చేశాయన్నమాట.

1968లో అమెరికా వైమానిక దళ డాక్టర్ కెన్నెత్ కూపర్ ‘ఏరోబిక్స్’ పుస్తకం రాశాడు. ఏ వ్యాయామం ఎంతసేపు చేస్తే ఎన్ని పాయింట్లో పట్టికలు వేసి మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పాడు. అది చదివినవాళ్ళలో న్యూజెర్సీలో విమాన ఇంజన్ల విడిభాగాలు చేసే విలియం స్టాబ్ ఒకడు. ఎనిమిది నిమిషాల్లో మైలు పరుగు, వారానికి నాలుగైదు సార్లు అన్న సలహా బాగానే ఉంది. మరి మంచు కురిసే రోజున ఎక్కడ పరుగెత్తడం? ఇంట్లో పెట్టుకునే చవక ట్రెడ్‌మిల్ అప్పటికి లేదని గమనించి తానే తయారుచేశాడు. నలభై స్టీలు రోలర్ల మీద నారింజ రంగు బెల్టు, ఒక టైమరు, ఒక వేగం మీట. ఇదే ‘పేస్‌మాస్టర్ 600’. స్టాబ్ 96 ఏళ్ళు బతికి 2012లో కన్నుమూశాడు.

బెల్టు కింద ఏముంది?

నేటి ఇంటి ట్రెడ్‌మిల్‌లో అన్ని రోలర్లు లేవు. ముందొకటి, వెనకొకటి, మధ్యలో నున్నటి పలక. ముందు రోలర్‌ను మోటారు తిప్పుతుంది. మనం కాలు మోపిన ప్రతిసారీ మన బరువుకి బెల్టు పలకకు ఒరుసుకుని నెమ్మదించబోతుంది. కంట్రోలర్ అది గమనించి మోటారుకు కరెంటు పెంచుతుంది, కాలు లేవగానే తగ్గిస్తుంది. అందుకే ఎక్కేవాళ్ళ బరువుకి తగిన మోటారు లేకపోతే యంత్రం వేడెక్కుతుంది. పలకకూ బెల్టుకూ మధ్య సిలికాన్ నూనె ఎండిపోయినా అదే గతి.

‘బెల్టే కాళ్ళను వెనక్కి లాక్కుపోతుంది కదా, ఇందులో మన కష్టమేముంది?’ అని చాలామంది అడుగుతారు. బెల్టు ఒకే వేగంతో తిరుగుతున్నంత సేపు, నేల మీద మనం కదలడానికీ మన కింద నేల కదలడానికీ భౌతికశాస్త్రం దృష్టిలో తేడా లేదు. లేనిదల్లా ఎదురుగాలి. పరుగులో దాన్ని సరిదిద్దడానికి ఒక శాతం వాలు పెడితే చాలని 1996లో జోన్స్, డౌస్ట్ లెక్కగట్టారు. నడకలో ఆ తేడా లెక్కలోకి రాదు. ట్రెడ్‌మిల్‌కు కావలసిందల్లా భూమ్యాకర్షణ. అది తెలియని అంతరిక్ష కేంద్రంలో వ్యోమగామిని రబ్బరు పట్టీలతో బెల్టుకేసి లాగి పట్టాలి. సునీతా విలియమ్స్ 2007 ఏప్రిల్‌లో అలాగే కట్టుకుని, అంతరిక్షంలోనే బోస్టన్ మారథాన్ దూరం పరుగెత్తింది.

బరువు లెక్క, దమ్ము లెక్క

నడివయసులో ఎక్కువమంది ఈ యంత్రం కొనేది పొట్ట తగ్గాలనే. లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో సమతలం మీద అరగంట నడిస్తే, ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది తీసేయగా, 90 క్యాలరీలకు అటూ ఇటూగా అదనంగా ఖర్చవుతాయి. ఒక గారె తింటే అవి తిరిగొచ్చేసినట్టే. ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 క్యాలరీలు. తిండి ఏమాత్రం మారకుండా రోజూ ఇలా నడిస్తే ఒక కిలో తగ్గడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది. అదే వేగంలో 5 శాతం వాలు పెడితే ఒంటిని ప్రతి అడుగుకూ కొంచెం పైకి ఎత్తాలి కనుక, అదనపు ఖర్చు రెట్టింపుకు దగ్గరవుతుంది. మోకాళ్ళకు పరుగు దెబ్బలు తగలకుండానే గుండెకు పని దొరుకుతుంది. కానీ ముందు కడ్డీని పట్టుకుని వేలాడితే బరువులో కొంత చేతుల మీదికి పోతుంది. ఆ సంగతి యంత్రం తెరకు తెలియదు, క్యాలరీలను మాత్రం అలాగే చూపిస్తూ పోతుంది.

మరి మూడు నెలలకు ఒక కిలో కోసం ఈ ప్రయాస ఎందుకు? డల్లాస్‌లో జరిగిన ఒక ప్రయోగంలో జవాబుంది. 1966లో అయిదుగురు ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులను మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టారు. వాళ్ళ దమ్ము నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే అయిదుగురిని, యాభైల్లో ఉండగా, మళ్ళీ పరీక్షించారు. గడిచిన ముప్పై ఏళ్ళు చేసిన నష్టం, ఇరవయ్యో ఏట మూడు వారాల మంచం చేసిన దానికంటే తక్కువే. ఆపైన ఆరు నెలలు నడక, జాగింగ్, సైకిలు నెమ్మదిగా పెంచుతూ చేయించారు. దమ్ము ఇరవయ్యేళ్ళనాటి స్థాయికి తిరిగి చేరింది. మూడు దశాబ్దాల్లో పెరిగిన ఇరవై పైచిలుకు కిలోల్లో మాత్రం తగ్గింది నాలుగైదే.

అయిదుగురితో చేసిన చిన్న ప్రయోగమే కావచ్చు. కానీ లండన్ కండక్టర్ల నడుం కొలతలు చెప్పిందీ, మయర్స్ ఆరువేల మందిలో చూసిందీ అదే వైపు చూపిస్తున్నాయి. నడివయసులో నడక, జాగింగ్ లాంటి కార్డియో వ్యాయామం ముందు తిరిగి ఇచ్చేది దమ్ము. బరువు నిదానంగా, అదీ వంటింటి సహకారంతోనే కదులుతుంది. ట్రెడ్‌మిల్ మానేసేవాళ్ళు చాలామంది బరువు మిషన్ మీద ముల్లు కదల్లేదన్న నిరాశతో మానేస్తారు. సరిగ్గా అప్పుడే వాళ్ళ గుండె బాగుపడుతూ ఉంటుంది.

కాబట్టి యంత్రాన్ని దాని ప్రతిభ ఉన్నచోట వాడుకోండి. నెలకొకసారి ఒకే వేగం, ఒకే వాలు పెట్టుకుని పది నిమిషాలు నడిచి, చివర నాడి ఎంత ఉందో రాసుకోండి. నెలనెలా ఆ అంకె తగ్గుతుంటే గుండె బలపడుతోందన్నమాటే. మాట్లాడగలిగీ పాట పాడలేనంత ఆయాసంతో వారానికి కనీసం 150 నిమిషాలు, కండరాల కోసం మరో రెండు రోజులు వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలభై దాటి షుగరో, బీపీయో ఉన్నా, నడుస్తుంటే ఛాతీలో బిగపట్టినట్టున్నా డాక్టర్‌ను కలిశాకే మొదలుపెట్టండి. యంత్రం ఎక్కేముందు ఎర్ర తాడు క్లిప్పును చొక్కాకు తగిలించుకోవడం మరవకండి. జారితే బెల్టును ఆపేది అదొక్కటే.