నీడ చెప్పే రాతి ఆచూకీ

శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున దగ్గర్లోని కోట ఊళ్ళో జనం మేడలెక్కి దక్షిణం వైపు చూస్తారు. 2005 మే 5 ఉదయం అలా లేచిన పీఎస్ఎల్‌వీ-సీ6 కార్టోశాట్-1 ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. పొగచార చెదిరేలోపే మనం మన పనుల్లో పడిపోతాం. ఉపగ్రహం పని మాత్రం అప్పుడే మొదలవుతుంది. 618 కిలోమీటర్ల ఎత్తు నుంచి కార్టోశాట్-1 నేలను ఫోటో తీసేది. దానికి రెండు కెమెరాలుండేవి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు వంగి చూస్తే, రెండోది 5 డిగ్రీలు వెనక్కి చూసేది. ఒకే చోటును రెండు కోణాల్లో పట్టడం వల్ల నేల ఎత్తుపల్లాలు లెక్కకు అందుతాయి.

ఈ కెమెరాకు పూర్వీకులు సైన్యంలోనే పెరిగారు. 1906లో బ్రిటిష్ సైన్యపు బెలూన్ విభాగానికి చెందిన లెఫ్టినెంట్ షార్ప్ స్టోన్‌హెంజ్ రాతి వలయాన్ని పైనుంచి ఫోటో తీశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానంలోంచి శత్రువు జాడ కనిపెట్టే పని చేసిన ఓ.జి.ఎస్. క్రాఫర్డ్, ఆ చూపునే పురావస్తు పరిశోధనకు తెచ్చాడు. 1921లో వాయుసేన తీసిన ఫోటోలను 1923లో తిరగేస్తూ, స్టోన్‌హెంజ్ నుంచి బయల్దేరి పొలాల్లో మాయమైన పాత బాట ఎటు పోయిందో ఆయన పట్టుకున్నాడు. ఆ పొలాల్లో తిరిగే రైతులకు కూడా తెలియని బాట అది. 1925లో ఇన్సాల్ అనే పైలట్ విమానంలోంచి చూసిన మచ్చల గుండ్రాన్ని తవ్వితే, కొయ్య స్తంభాలు పాతిన గుంతలు వలయాలు వలయాలుగా బయటపడ్డాయి. దానికే ఉడ్‌హెంజ్ అని పేరు పెట్టారు.

పైనుంచి కనపడేది కింద ఎందుకు కనపడదు? పూడిపోయిన పాత కందకంలో మట్టి గుల్లగా ఉండి చెమ్మ పట్టి ఉంచుతుంది. దాని మీద పైరు ఏపుగా, పచ్చగా పెరుగుతుంది. కింద రాయో గోడో ఉన్నచోట పైరు ముందే వాడుతుంది. గట్టున నిలబడితే ఈ తేడా కలిసిపోతుంది, ఆకాశం నుంచి గీతలా తేలుతుంది. అయితే వాన మీద ఆధారపడ్డ మెట్ట పంటలోనే ఇది బాగా తెలుస్తుంది. ఎప్పుడూ నీళ్ళు నిలిచే మన వరిమడుల్లో వెతికితే దొరకడం కష్టం.

మెట్ట నేలలోనే ఉంది ముడుమాల్. తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరది. అక్కడ దాదాపు 80 నిలువురాళ్ళు 10 నుంచి 14 అడుగుల ఎత్తున నిలబడి ఉన్నాయి. చుట్టూ చిన్నరాళ్ళు వేల సంఖ్యలో వరుసలు కట్టి ఉన్నాయి. ఊరివాళ్ళు నిలువురాళ్ళ తిమ్మప్ప అని ఇప్పటికీ కొలుస్తారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు ఆచార్యులు కె.పి. రావు ఈ చోటును ఏళ్ళ తరబడి పరిశీలించారు. కొన్ని వరుసలు అయనాలు మారే రోజుల్లో సూర్యుడు పొడిచే, కుంకే దిక్కులకు సరిపోతాయని ఆయన చూపించారు. ఒక రాతి మీద తొలిచిన చిన్న గుంతలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి.

ఇలాంటి చోట ఆకాశ కెమెరా ఏం చేయగలదు? కార్టోశాట్-1 ఫోటోలో ఒక్కో చుక్క 2.5 మీటర్ల నేలకు సమానం. అంతకంటే సన్నగా ఉండే నిలువురాయి అందులో చిక్కదు. 2019 నవంబరు 27న శ్రీహరికోట నుంచే వెళ్ళిన కార్టోశాట్-3కి చుక్క పావు మీటరు. అప్పుడు కూడా నిట్టనిలువుగా పైనుంచి చూస్తే రాయి తల మాత్రమే కనిపిస్తుంది. దాని ఆచూకీ చెప్పేది నీడే. ఇలాంటి ఉపగ్రహాలు ఎక్కువగా ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతాయి. డిసెంబరు నెలాఖరులో ముడుమాల్‌లో ఆ వేళకు సూర్యుడు దాదాపు 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కాబట్టి రాయి ఎంత పొడవో నీడా అంతే. 4 మీటర్ల రాయి నీడ 16 చుక్కల గీతై పడుతుంది. అదే రాయి నీడ జూన్‌లో సగం కూడా ఉండదు.

ఫోటో వరుసను చూపుతుంది కాని, ఆ వరుస ఎందుకు పెట్టారో చెప్పదు. అది తేల్చాలంటే తెల్లవారుజామున వెళ్ళి ఆ రాళ్ళ మధ్య నిలబడాల్సిందే. కె.పి. రావు చేసింది అదే. నా దృష్టిలో ఈ యంత్రం గొప్పతనం వేరే చోట ఉంది. అది తేదీ వేసి సాక్ష్యం దాస్తుంది. పొలం చదును చేస్తూ ఒక రాతిని పక్కకు దొర్లించారంటే, పాత ఫోటోలో దాని నీడ ఉంటుంది, కొత్తదానిలో ఉండదు. వరుసలో ఒక్క రాయి కదిలినా దిక్కు లెక్క తప్పిపోతుంది, అలాంటి సాక్ష్యం లేకపోతే ఆ తర్వాత ఎవరూ దాన్ని సరిచేయలేరు.

ముడుమాల్ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది, దాని మీద నలుగురి కన్నూ ఉంది. మన మెట్టల్లో పేరు లేని రాకాసి గుళ్ళు (పాతకాలపు రాతి సమాధులు), నిలువురాళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. ఉపగ్రహ ఫోటోలను భద్రపరిచే జాతీయ దూరసంవేదన కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ప్రతి జిల్లాలో ఇలాంటి చోట్ల జాబితా రాసి, ఆ కేంద్రం నుంచి ఫోటోలు తెప్పించుకుని, ఏటేటా పోల్చి చూసే పని మొదలుపెట్టాలి. అడిగేటప్పుడు డిసెంబరు ఫోటోలే అడగాలి.