ముసుగు పట్టుకుంటే దొంగ దొరికాడు!

హెచ్ఐవీ వైరస్ ఒంటినిండా చక్కెర అణువులు కప్పుకుని వస్తుంది. అవి మన కణాల్లోనే తయారైనవి కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఓ పట్టాన పోల్చుకోలేదు. చిత్రమేంటంటే, ఆ చక్కెర ముసుగునే ఒడిసిపట్టుకునే ప్రొటీన్ ఒకటి మన చర్మంలోనే ఉంది. పేరు లాంగరిన్. ఉండేది లాంగర్‌హాన్స్ కణాల మీద.

1868లో బెర్లిన్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ ఈ కణాలను గుర్తించాడు. కొమ్మల్లాంటి వాటి చేతులు చూసి నరాల కణాలనుకున్నాడు. కాదు, రోగనిరోధక కణాలేనని తేలడానికి వందేళ్లు పట్టింది. ఆ తర్వాతా వీటికి అపవాదు తప్పలేదు- హెచ్ఐవీని లోపలికి మోసుకెళ్లేది ఇవేనని!

2007లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు అసలు సంగతి బయటపెట్టారు. లాంగరిన్ వైరస్‌ను పట్టుకుని, కణం లోపలుండే బిర్బెక్ రేణువుల్లోకి లాగేస్తుంది. మైక్రోస్కోపులో ఇవి అచ్చం టెన్నిస్ రాకెట్లలా కనిపిస్తాయి. వైరస్ అక్కడే నాశనమైపోతుంది. లాంగరిన్ పనిచేయకుండా ఆపి చూస్తే, అవే కణాలు హెచ్ఐవీ బారినపడి పక్క కణాలకూ అంటించాయి.

మరి ఇంత కాపలా ఉండగా జబ్బెలా వస్తోందంటారా? వైరస్‌లు గుంపుగా వచ్చిపడితే లాంగరిన్ ఒక్కటే ఎన్నింటిని పట్టగలదు? పైగా సుఖవ్యాధులతో వాపు వచ్చినచోట ఈ కణాలే తేలిగ్గా వైరస్‌కు లొంగిపోతాయి.