మబ్బులో చీనీకాయల లెక్క
మా లింగాలలో మామ చీనీకాయల వ్యాపారం చేస్తాడు. పోయినేడు ఆయన కంప్యూటర్ హార్డ్‌డిస్క్ చెడిపోయి, రైతులకు ఇయ్యాల్సిన బాకీల లెక్క సగం దాంతోనే పోయింది. "క్లౌడ్‌లో పెట్టింటే బాగుండు మామా" అంటే, "మబ్బులోనా? మనకు మబ్బులెక్కడివప్పా!" అన్నాడు.

నిజానికి అది మబ్బు కాదు, బాడుగ కంప్యూటర్. సొంతంగా ట్రాక్టర్ కొనకుండా గంటకింత అని ఇచ్చి దున్నించుకుంటాం కదా, అట్లాంటిదే. అమెజాన్ 2006లో సర్వర్లు ఇట్లా బాడుగకు ఇవ్వడం మొదలుపెట్టింది. 2022 నవంబరులో హైదరాబాద్‌లోనూ తన డేటా సెంటర్లు తెరిచింది. చీనీ సీజన్లో ఎక్కువ వాడుకోవచ్చు, తర్వాత తగ్గించుకోవచ్చు, వాడినంతకే బిల్లు. ఒక డిస్క్ పోయినా ఇంకోచోట కాపీ ఉంటుంది. కాకపోతే నెట్ లేకుంటే లెక్క కనపడదు, బాడుగ కట్టడం మానేస్తే అసలే కనపడదు.

మామ ఇప్పుడు లెక్కలు ఫోన్లో ఎక్కిస్తున్నాడు. పక్కనే నోటుబుక్కులో కూడా రాసుకుంటున్నాడు. నేను వద్దనలేదు.